సీసపు రేకు మీది మాట

గ్రీసులో థెస్సలోనికి ఊరు దాటి ఆక్సియోస్ నది వంతెన దిగగానే రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు మొదలయ్యాయి. అక్టోబరు మొదటి వారం, కాయలు విచ్చుకుని తెల్లగా ఉన్నాయి. బస్సు కిటికీలోంచి చూస్తుంటే పత్తికొండ దగ్గర మా ఊరి చేను గుర్తొచ్చింది. మా దగ్గర ఆడవాళ్లు ఒడి కట్టుకుని ఏరుతారు, ఇక్కడ మనిషి అలికిడే లేదు, అంతా యంత్రాలే. "అమ్మా, పారిస్ చూపిస్తానంటే వద్దని ఈ పత్తి చేలకు తీసుకొచ్చావా?" అంది మా అమ్మాయి. తను జర్మనీలో ఉద్యోగం చేస్తోంది. ఎక్కడికి వెళ్దామని అడిగితే నేను చెప్పిన పేరు పెల్లా, అలెగ్జాండర్ పుట్టిన ఊరు.

నేను వెళ్లింది అలెగ్జాండర్ కోసం కాదు. ముప్పై రెండేళ్లు పిల్లలకు తెలుగు చెప్పాను. అంతకు ముందు, 1983లో, చదువు కోసం గుంటూరులో హాస్టల్లో చేరాను. మొదటి రోజు పక్క గది అమ్మాయిని "యాడికి పోతాండావు?" అని అడిగాను. ఆ పిల్ల నవ్వి తక్కినవాళ్లను పిలిచింది. "ఇంకోసారి అను" అన్నారు. తర్వాత ఒకమ్మాయి నిజంగానే, వెటకారం లేకుండా అడిగింది: "మీది తెలుగేనా? కన్నడమా?" ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు అలెగ్జాండర్ ఏలిన పాత మాసిడోనియన్ల గురించి చదువుతుంటే, రెండున్నర వేల ఏళ్లుగా వాళ్లనూ ఇదే అడుగుతున్నారని తెలిసింది. మీది గ్రీకేనా? మీరు గ్రీకులేనా?

ఈ ప్రశ్నను కసిగా అడిగినవాడు ఏథెన్స్ వక్త డెమోస్తనీస్. అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్ గ్రీకు కాడనీ, గ్రీకులకు చుట్టం కూడా కాడనీ, చివరికి చెప్పుకోదగ్గ చోటినుంచి వచ్చిన అనాగరికుడు కూడా కాడనీ క్రీ.పూ. 341లో సభలో తిట్టాడు. అంతకు ఐదేళ్ల ముందే అదే ఏథెన్స్‌లో ఐసోక్రటీస్ అనే పెద్దాయన, గ్రీకులందరినీ కలిపి పర్షియా మీదికి నడిపించమని అదే ఫిలిప్‌కు రాశాడు. ఒకే ఊరు, ఒకే కాలం. ఇంకా వెనక్కి వెళ్తే, ఈ అలెగ్జాండర్ పూర్వీకుడు మొదటి అలెగ్జాండర్ ఒలింపిక్స్‌లో పరుగెత్తడానికి వస్తే, గ్రీకు కాడని తోటి పోటీదారులు అడ్డుపడ్డారని చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. మా వంశం గ్రీకు నగరం ఆర్గోస్ నుంచి వచ్చిందని నిరూపించుకున్నాకే ఆయన్ను పరుగెత్తనిచ్చారు. కానీ అది రాజు తన కుటుంబానికి తెచ్చుకున్న సర్టిఫికెట్. ఆయన పొలాల్లో గొర్రెలు కాసేవాళ్ల సంగతి అందులో లేదు.

ఆ గొర్రెల కాపరులు ఇంట్లో ఏం మాట్లాడేవాళ్లు? నాకు కావాల్సింది అదే.

పెల్లాలో అందరూ గులకరాళ్ల చిత్రాల ముందు ఆగుతారు. సింహం వేట, జింక వేట. నల్లవీ తెల్లవీ గోధుమరంగువీ చిన్న చిన్న గులకరాళ్లు పేర్చి కండరాల నీడ కూడా తెప్పించారు. జింక వేట చిత్రం మీద "గ్నోసిస్ చేశాడు" అని పనివాడి పేరుంది. నేనూ కాసేపు చూశాను. తర్వాత మ్యూజియంలో ఆ సీసపు రేకు దగ్గరికి వెళ్లాను.

1986లో ఇక్కడి ఒక సమాధిలో దొరికింది. క్రీ.పూ. నాలుగో శతాబ్దం నడిమి కాలం నాటిది, అంటే అలెగ్జాండర్ పుట్టడానికి కాస్త అటూ ఇటూ. చుట్ట చుట్టి శవంతోపాటు పెట్టారు. గ్రీకువాళ్లు దీన్ని కతాదెస్మోస్ అంటారు, అంటే బంధనం. మా పల్లెలో "కట్టు కట్టడం" అంటాం. రాగిరేకు మీద రాయించి గడప కింద పాతిపెట్టే ఇళ్లు నా చిన్నప్పుడు చాలా ఉండేవి. అందుకే ఆ రేకు నాకు వింతగా అనిపించలేదు, భయంగా అనిపించింది.

రాయించింది ఒక ఆడమనిషి. ఆమె మనసుపడ్డ డయొనిసోఫోన్ అనేవాడు థెటిమా అనే మరో అమ్మాయిని పెళ్లి చేసుకోబోతున్నాడు. వాళ్లిద్దరి పెళ్లిని ఈ రాతతో కట్టేస్తున్నాను అంటుంది. థెటిమానే కాదు, కన్యలు గానీ విధవలు గానీ మరెవ్వరినీ అతను చేసుకోకూడదు. నేనెప్పుడైనా ఈ రేకును తవ్వి తీసి విప్పి చదివితే అప్పుడే అతని పెళ్లి జరగాలి, అంతవరకూ కాదు. అతని పక్కన ముసలిదాన్నయ్యేది నేనొక్కదాన్నే కావాలి. ఇదంతా మాక్రోన్‌కూ దయ్యాలకూ అప్పజెప్పింది. మాక్రోన్ బహుశా ఆ సమాధిలోని మనిషే. ఆ తర్వాత గొంతు మారిపోతుంది. నా మీద జాలి చూపండి, నాకు నావాళ్లు లేరు అని దయ్యాలను బతిమాలుతుంది. ఆమె పేరు మాత్రం మనకు సరిగా దక్కలేదు.

మా అమ్మాయి అనువాదం ఫోన్లో చదివి వినిపించింది. "ముసలిదాన్నయ్యేది నేనొక్కదాన్నే" దగ్గర ఆగిపోయింది. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ఈ రేకు భాషా పండితులకు ఎందుకంత ముఖ్యమంటే, రాజాస్థానంలో రాత ఏథెన్స్ గ్రీకులో నడిచేది. శాసనాలు చూస్తే అదే కనిపిస్తుంది. శాతవాహనులు శాసనాలు దాదాపు అన్నీ ప్రాకృతంలో వేయించారు, అంతమాత్రాన ధాన్యకటకం బజార్లో కూరగాయలమ్మే ఆమె ప్రాకృతం మాట్లాడేదని అనలేం కదా. రాతి మీది భాష వేరు, నాలుక మీది భాష వేరు. ఈమె మాత్రం దయ్యాలకు రాసుకుంది. అక్కడ దొరతనం చూపించాల్సిన పని లేదు. ఆమె రాసిన భాష గ్రీకే, కానీ ఏథెన్స్ గ్రీకు కాదు. ఏథెన్స్ వాళ్లు దీర్ఘంగా "ఏ" అనే చోట ఈమె "ఆ" అంటుంది. థెటిమా అనే పేరే చూడండి, ఏథెన్స్‌లో అయితే చివర "ఏ" వచ్చేది. ఎపిరస్ వైపు, వాయవ్య గ్రీసులో ఉండే డోరియన్ అనే గ్రీకు మాండలికాలకు దగ్గరి యాస ఇది. కొండ పక్క ఊళ్ల గ్రీకు. ఆ గాజు ముందు నిలబడి, ఈమెను గుంటూరు హాస్టల్లో నా పక్కన కూర్చోబెట్టుకోవాలనిపించింది.

అయితే కథ ఇక్కడితో తేలిపోలేదు. హెసీకియస్ అనే ఆయన క్రీస్తు తర్వాత కొన్ని వందల ఏళ్లకు కూర్చిన నిఘంటువులో మాసిడోనియన్ మాటలని కొన్ని ఉన్నాయి. వాటిలో గ్రీకు "ఫ" రావాల్సిన చోట "బ" వస్తుంది. గెలుపు తెచ్చేది అనే అర్థంలో తక్కిన గ్రీకులు ఫెరెనికే అంటే వీళ్లు బెరెనికే అంటారు. కనుబొమలు గ్రీకులో ఒఫ్రుస్, వీళ్లకు అబ్రూతెస్. ఆ మాటను నోట్లో రెండుసార్లు తిప్పితే మన భ్రుకుటిలోని "భ్రూ" వినిపిస్తుంది. ఫెరెనికేలోని "ఫెర్", మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న భరించడంలోని "భర" ఒకే వేరు. మూలభాషలో ఉన్న "భ" సంస్కృతంలో అలాగే నిలిచింది. గ్రీకులో నాదం పోయి ఊపిరి మిగిలింది. మాసిడోనియన్ల నోట ఊపిరి పోయి నాదం మిగిలింది. మా అమ్మ "బయం" అనేది, "బూమి" అనేది, "బారతం" అనేది. జీవితంలో ఒక్కసారి కూడా ఒత్తు పలకలేదు. అబ్రూతెస్ దగ్గర నాకు మా అమ్మ గొంతే వినిపించింది.

ఇరుగుపొరుగు థ్రేసియన్లు, ఫ్రిజియన్లు కూడా ఇలా "బ" అనే పలికేవారు. అందుకే మాసిడోనియన్‌ది గ్రీకు కాదు, పక్కనుండే వేరే భాష అని వాదించినవాళ్లున్నారు. 1825లో కార్ల్ ఓట్‌ఫ్రీడ్ ముల్లర్ వాళ్లను గ్రీకులు కాని పొరుగువాళ్లు ఇల్లిరియన్ల వైపు చేర్చాడు. 1906లో ఓటో హోఫ్‌మన్ దొరికిన మాటలన్నీ తూచి గ్రీకు మాండలికమే అన్నాడు. ఇల్లిరియన్ వాదం ఇప్పుడు దాదాపు ఆగిపోయింది. ఎర్నస్ట్ బేడియన్, యూజీన్ బోర్జా లాంటి చరిత్రకారులు మాత్రం, భాష సంగతి ఎలా ఉన్నా, ఇటు గ్రీకులూ అటు మాసిడోనియన్లూ తాము ఒకే జాతి అనుకోలేదని గట్టిగా చెప్పారు.

వాళ్ల మాట కొట్టిపారేయడానికి లేదు. ఫిలోటాస్ అనే సేనాని మీద క్రీ.పూ. 330లో విచారణ జరిగినప్పుడు, మన సొంత భాషలో మాట్లాడతావా అని అలెగ్జాండర్ అడిగాడట. ఇక్కడ మాసిడోనియన్లు కానివాళ్లు చాలామంది ఉన్నారు, నువ్వు మాట్లాడిన భాషలోనే మాట్లాడితే వాళ్లకు బాగా అర్థమవుతుంది అన్నాడు ఫిలోటాస్. చూడండి, ఇతనికి సొంత భాషంటే ఎంత అసహ్యమో అన్నాడు అలెగ్జాండర్. రోమన్ రచయిత కర్టియస్ రాసినది ఇది. తన సేనాని క్లైటస్‌ను చంపిన రాత్రి కూడా అలెగ్జాండర్ తన కాపలావాళ్లను మాసిడోనియన్ మాటలో కేకవేసి పిలిచాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. కోపంలో ఇంటి మాట వస్తుంది. ముప్పై రెండేళ్లు పుస్తక భాష చెప్పినదాన్ని, ఇప్పటికీ కోపమొస్తే నా నోట "ఏం చేస్తాండావు రా" అనే వస్తుంది. అది వేరే భాష అని ఎవరైనా రాసిపెట్టుకుంటే నేనేం చేయగలను? మరోవైపు, పడమటి గ్రీసు వాళ్లైన ఏటోలియన్లు, అకార్నానియన్లు, ఇటు మాసిడోనియన్లు ఒకే భాష మాట్లాడే మనుషులని రోమన్ చరిత్రకారుడు లివీ రాసిన చరిత్రలో మాసిడోనియన్ రాయబారులే అంటారు.

మర్నాడు వెరియా మీదుగా వెర్గినా వెళ్లాం. పాత రాజధాని ఐగై ఇదే. 1977 నవంబరులో మనోలిస్ ఆండ్రోనికోస్ ఇక్కడి పెద్ద దిబ్బ కింద దోపిడీ కాని రాజసమాధి తెరిచాడు. దిబ్బ లోపలే మ్యూజియం కట్టారు. చీకట్లో నడిచి వెళ్తే పదహారు కిరణాల సూర్యుడున్న బంగారు పెట్టె వెలుగుతుంది. జనం దాని చుట్టూ మూగారు. నేను సమాధి రాళ్ల గురించే ఆలోచిస్తున్నాను. ఆ దిబ్బ మట్టిలో మామూలు మనుషుల సమాధి రాళ్లు పగిలిపోయి దొరికాయి, వాటి మీద పేర్లు దాదాపు అన్నీ గ్రీకు పేర్లే. చాలామంది దీన్నే పెద్ద రుజువుగా చూపిస్తారు. నాకు అంత నమ్మకం కలగలేదు. నా క్లాసు రిజిస్టరు నిండా సంస్కృతం పేర్లే ఉండేవి, ఒక్క పిల్లకైనా సంస్కృతం వచ్చేది కాదు. పేరు దేవుడి నుంచో దొరల నుంచో వస్తుంది, యాస అమ్మ నుంచి వస్తుంది.

అందుకే నాకు ఈ ఊళ్లో 1982లో దొరికిన ఒక రాతి పీఠం బంగారం కంటే విలువగా తోచింది. ఫిలిప్ తల్లి యూక్లియా దేవతకు ఇచ్చిన కానుక పీఠం అది. "సిర్రాస్ కూతురు యూరిడికా, యూక్లియాకు" అని ఉంది. యూరిడికే కాదు, యూరిడికా. చివర మళ్లీ అదే "ఆ". రాజమాత కూడా సీసపు రేకు ఆమెలాగే పలికింది. ఈవిడను ఇల్లిరియన్ అన్నవాళ్లూ ఉన్నారు. కొడుకులు పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకుని, ఆ సంతోషంతో ఆవిడ సరస్వతుల్లాంటి మ్యూజ్ దేవతలకు కానుక ఇచ్చిందని ఒక పాత పద్యం ఉంది. వయోజన విద్య తరగతులు నడిపినదాన్ని, నడివయసులో పలక పట్టుకున్న ఆడవాళ్ల ముఖాలు నాకు తెలుసు.

చివరి రెండు రోజులు సరిహద్దు దాటి స్కోప్యే వెళ్లాం. నడిబజార్లో 2011లో నిలబెట్టిన గుర్రపు విగ్రహం పేరుకు యోధుడే, ఎవరో అందరికీ తెలుసు. ఆ దేశం మాసిడోనియా అనే పేరు పెట్టుకోవడం మీద గ్రీసుతో పాతికేళ్లకు పైగా తగవు నడిచి, 2018 జూన్‌లో ప్రెస్పా ఒప్పందం కుదిరి, 2019 ఫిబ్రవరిలో ఉత్తర మాసిడోనియా అయింది. తమ భాష దక్షిణ స్లావ్ భాష అనీ, పాత మాసిడోన్ నాగరికతతో తమకు సంబంధం లేదనీ వాళ్లు సంతకం పెట్టారు. అది నిజమే, స్లావులు ఈ ప్రాంతానికి వచ్చింది క్రీ.శ. ఆరు, ఏడు శతాబ్దాల్లో. మేము దిగిన ఇంటి పెద్దావిడ టీ ఇస్తూ అడిగింది: "అలెగ్జాండర్ మాకేమీ కాడు, సరే. మా అమ్మ నేర్పిన భాషకు మాత్రం మాసిడోనియన్ కాక ఇంకేం పేరు పెట్టుకోవాలి?" థెస్సలోనికిలో పండ్లు అమ్మే ఆయన చెప్పింది కూడా మర్చిపోలేను. వాళ్ల తాతలు 1923 జనమార్పిడిలో టర్కీ నుంచి కట్టుబట్టలతో వచ్చారట. "ఉన్నవన్నీ పోగొట్టుకుని ఇక్కడ దిగాం. ఈ నేల పేరు కూడా పోతుందంటే భరించలేం" అన్నాడు. ఇద్దరి మాటలూ నాకు గుండెలో దిగాయి. పెల్లాలో రేకు రాయించిన ఆమెకు వీళ్లిద్దరిలో ఎవరి తగవూ తెలియదు.

నా మట్టుకు, మాసిడోనియన్ల ఇంటి మాట గ్రీకులో ఒక యాస అనే నమ్ముతున్నాను. గ్రీకులని వాళ్లను ఒప్పుకోవడమా లేదా అన్నది ఏథెన్స్ వాళ్ల రాజకీయం. తూర్పునుంచి చూసినవాళ్లకు ఆ అనుమానమే రాలేదు. పర్షియా శాసనాల్లో "డాలులాంటి టోపీలు పెట్టుకునే యవనులు (గ్రీకులు)" అంటే మాసిడోనియన్లేనని చాలామంది పండితుల మాట. చెన్నైలో మేమంతా తెలుగువాళ్లమే. గుంటూరులో మాత్రం సీమవాళ్లం.

డిసెంబరులో ఇంటికి వచ్చాక తమ్ముణ్ని వెంటబెట్టుకుని గుత్తి-పత్తికొండ దారిలో ఎర్రగుడి కొండకు వెళ్లాను. అశోకుడి పద్నాలుగు శిలాశాసనాల ప్రతి అక్కడి బండల మీద ఉంది. చిన్నప్పుడు ఆ బండల పక్కనుంచే సంతకు పోయేవాళ్లం, ఏముందో తెలియదు. పదమూడో శాసనంలో అశోకుడు, సెల్యూకస్ అనే మాసిడోనియన్ సేనాని మనవడు అంతియోకుణ్ని యవనరాజు అంటాడు. ఆయనకు అవతలి రాజుల్లో అంతెకిన అని ఒక పేరు చెబుతాడు. ఆయన పెల్లాలో ఏలిన ఆంటిగోనస్ గొనాటస్. అదే శాసనంలో ఆంధ్రుల పేరూ ఉంది.

"యాడిదక్కా ఆ పేరు, చూపించు" అన్నాడు తమ్ముడు. నాకు బ్రాహ్మీ లిపి రాదు. ఎండకు వెచ్చగా ఉన్న బండను ఆనుకుని, పెల్లాలో రాసుకున్న నోటుబుక్కు తీసి, సీసపు రేకు మీది మాటలు వాడికి మొదటినుంచీ చదివి వినిపించాను.