చిప్ ఇన్ అంటే తలా ఇంత వేసుకోవడం

మా టీమ్‌లో ఒక పెద్దావిడ రిటైర్ అవుతుంటే అందరికీ మెయిల్ వచ్చింది, గిఫ్ట్ కొంటున్నాం, వీలైనవాళ్లు చిప్ ఇన్ చెయ్యండి అని. నేను డాలస్ వచ్చి ఎనిమిది నెలలు, ఈ మాట మీటింగుల్లో రోజూ వింటూనే ఉన్నా, కానీ అక్కడ మధ్యలో ఎవరైనా మాట కలపొచ్చు అనే అర్థంలో వాడతారు, మరి గిఫ్ట్‌కి మాట కలపడమేంటో తెలీక పక్క సీట్లో ఉండే వరంగల్ అక్కని అడిగా. "తలా ఇన్ని పైసలు ఏస్కుంటున్నం తమ్మీ, నీకు తోచినంత ఎయ్యి" అంది. అంతే, ఒక్క ముక్కలో తేలిపోయింది.

ఇంటికొచ్చాక చదివితే ఇది పేకాట నుంచి వచ్చిన మాటంట. పోకర్‌లో డబ్బులకి బదులు గుండ్రటి బిళ్లలు వాడతారు కదా, వాటినే చిప్స్ అంటారు, ఆటలో ఉండాలంటే మన బిళ్లలు మధ్యలో ఉన్న కుప్పలో పడాలి. 19వ శతాబ్దంలో అమెరికాలో మొదలైన వాడుక. డబ్బే వెయ్యాలని లేదు, ఇల్లు మారేటప్పుడు వచ్చి సామాను మోసినా చిప్ ఇన్ చేసినట్టే, మనం తలో చెయ్యి వేశాం అంటాం చూడండి, అది.

మర్నాడు బ్రౌన్ కవర్ నా సీటుకొచ్చింది. లోపల ఒక కార్డు, కొన్ని నోట్లు, పైన అందరి పేర్లు, సంతకం పెట్టినవాళ్ల పేరు పక్కన టిక్కు. ఎవరెంత వేశారో ఎక్కడా లేదు.

నాకు వెంటనే మా అక్క పెళ్లిలో చదివింపుల పుస్తకం గుర్తొచ్చింది. మండపం పక్కన బల్ల వేసుకుని మావయ్య కూర్చుని, ఫలానా ఊరు ఫలానా వాళ్లు 116, 516, 1116 అని పైకి చదువుతూ రాసేవాడు. ఆ పుస్తకం అమ్మ బీరువాలో ఇప్పటికీ ఉంది, ఎవరింట్లో శుభకార్యం వచ్చినా నాన్న అది తిరగేసి చూశాకే బయల్దేరతాడు. కొంతమంది అది లెక్కలు చూసుకోవడం అంటారు గానీ నేను ఒప్పుకోను, మనకి నిలబడ్డవాళ్లని మర్చిపోకూడదనే ఆ రాత. అయినా ఈ కవర్ కూడా నాకు చాలా నచ్చింది, ఐదు వేసినవాళ్లూ యాభై వేసినవాళ్లూ ఒకటే ఇందులో.

నేను ఇరవై డాలర్లు పెట్టి, కార్డులో ఒక మూల తెలుగులో పేరు రాశా. శుక్రవారం ఆవిడ కార్డు మొత్తం చదివి, ఆ మూల వేలు పెట్టి, ఇదెలా పలకాలి అని అడిగింది.