ఒకే కిట్, రెండు వేర్వేరు గీతలు: మా పిల్లుల రెట్రోవైరస్ పరీక్షల అనుభవం

కొత్తగా చేరదీసిన పిల్లిని ఇంట్లో ఉన్న పిల్లితో కలపడానికి ముందు రెండింటికీ రక్తపరీక్ష చేయించాలన్నది మా పశువైద్యురాలు పెట్టిన నియమం. కొత్తగా వచ్చిన సిరి ఏడాది కూడా నిండని ఆడపిల్లి. మా దగ్గర ఎప్పటినుంచో ఉన్న నల్లోడు, మా ఇంటికి రాకముందు వీధుల్లో తిరిగి కొట్లాటలు పడ్డ మగపిల్లి. వాడి చెవుల మీద, మెడ మీద పాత గాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. చూడటానికి రెండూ ఆరోగ్యంగానే ఉన్నాయి. కొన్ని చుక్కల రక్తంతో ఆస్పత్రిలోనే చేసే కిట్ పరీక్షలో మాత్రం సిరికి ఫెలైన్ లుకేమియా వైరస్ దగ్గర సన్నని గీత, నల్లోడికి పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఫెలైన్ ఇమ్యునోడెఫిషియెన్సీ వైరస్, అంటే ఎఫ్ఐవీ, దగ్గర స్పష్టమైన గీత వచ్చాయి.

నేను రెండింటినీ ఒకే రకం చెడ్డవార్తగా తీసుకోబోతుంటే డాక్టర్‌గారు ఆపారు. కిట్ ఒకటే అయినా ఆ రెండు గీతలు చూపేవి పూర్తిగా వేర్వేరు విషయాలని ఆవిడ కాగితం మీద గీసి వివరించారు. లుకేమియా వైరస్ విషయంలో కిట్ వెతికేది పి27 అనే వైరస్ ప్రొటీన్‌ను. అది కనబడిందంటే ఆ సమయానికి వైరస్ రక్తంలో తిరుగుతోందని అర్థం. ఎఫ్ఐవీ విషయంలో వెతికేది వైరస్‌ను కాదు, దానికి పిల్లి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను. ఎఫ్ఐవీ సోకిన పిల్లికి అది జీవితాంతం ఉంటుంది కాబట్టి, పెద్ద పిల్లిలో యాంటీబాడీలు ఉన్నాయంటే సాధారణంగా వైరస్ కూడా ఉన్నట్టే. ఈ తేడా తెలిశాకే, సిరి విషయంలో వేచి చూడటం, నల్లోడి విషయంలో వెంటనే పని మొదలుపెట్టడం ఎందుకు సరైనవో నాకు బోధపడింది.

సిరి గురించి ముందు చెబుతాను, ఎందుకంటే మమ్మల్ని ఎక్కువ కాలం సందిగ్ధంలో ఉంచింది అదే. ఆరోగ్యంగా కనిపించే పిల్లిలో, అందులోనూ ఈ వ్యాధి అంత సాధారణం కానప్పుడు, ఒక్క కిట్ ఫలితం తప్పుగా పాజిటివ్ చూపే అవకాశాన్ని కొట్టిపారేయలేమని డాక్టర్‌గారు అన్నారు. ఫలితం నిజమే అయినా, అది కథకు మొదలే గాని ముగింపు కాదు. వైరస్ లోపలికి వెళ్ళాక కొన్ని పిల్లులు దాన్ని మొదట్లోనే పూర్తిగా తరిమివేస్తాయి. కొన్నింటిలో అది కొంతకాలం రక్తంలో తిరిగి, తరవాత అణిగిపోతుంది. దీన్ని రిగ్రెసివ్ దశ అంటారు. మరికొన్నింటిలో ఎముక మజ్జను ఆక్రమించి రక్తంలో నిలిచిపోతుంది. అది ప్రోగ్రెసివ్ దశ. రక్తహీనత, లింఫోమా అనే క్యాన్సర్, రోగనిరోధక శక్తి కుంటుపడటం వంటి ప్రమాదాలు ఈ చివరి దశలోనే ఎక్కువ. ఈ రెండు వైరస్‌లూ రెట్రోవైరస్ జాతివే. రెట్రోవైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి పిల్లి కణాల డీఎన్‌ఏలోనే అతికిస్తుంది కాబట్టి, అణిగిపోయిన వైరస్ కూడా ప్రోవైరస్ రూపంలో లోపల మిగిలే ఉంటుంది. దాన్ని పట్టుకోగలిగేది జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష.

అందుకని సిరి రక్తాన్ని పీసీఆర్‌తో పాటు పి27 నిర్ధారణ పరీక్షకు కూడా ప్రయోగశాలకు పంపించారు. రెండింటిలోనూ పాజిటివ్ వచ్చింది. కిట్ తప్పు చెప్పలేదని తేలింది గాని, ఏ దశ అన్నది తేలలేదు. ఇన్ఫెక్షన్ కొత్తదైతే రిగ్రెసివ్ పిల్లి కూడా మొదట్లో ఇలాగే కనిపిస్తుంది. కొంతకాలం ఆగి మళ్ళీ పరీక్షించాలన్నారు.

ఆ నిరీక్షణకాలంలో సిరికి వేరే గది, వేరే గిన్నెలు, వేరే లిట్టర్ ట్రే ఏర్పాటు చేశాం. లుకేమియా వైరస్ ముఖ్యంగా లాలాజలం ద్వారా, అంటే ఒకదాన్నొకటి నాకడం, ఒకే గిన్నెలో తినడం, కరవడం వంటివాటి ద్వారా అంటుకుంటుంది. తల్లి నుంచి కూనలకూ సంక్రమిస్తుంది. శరీరం బయట అది ఎక్కువసేపు బతకదు, మామూలు సబ్బునీటికే నశిస్తుంది. కాబట్టి చేతులు కడుక్కోవడం, గిన్నెలు కలవకుండా చూసుకోవడం చాలని డాక్టర్‌గారు చెబితే నాకెంతో ఊరట కలిగింది. ఈ రెండు వైరస్‌లూ మనుషులకు సోకవని కూడా ఆవిడ స్పష్టంగా చెప్పారు. ఇంట్లోవాళ్ళ మొదటి ప్రశ్న అదే.

ఈలోగా కొందరు తెలిసినవాళ్ళు సిరిని వదిలించుకోమని సలహా ఇచ్చారు. లుకేమియా వైరస్‌ను 1964లో గ్లాస్గోలో విలియమ్ జారెట్ బృందం గుర్తించిన తరవాత చాలాకాలం, పాజిటివ్ వచ్చిన పిల్లికి మత్తుమందుతో ప్రాణం తీయడమే మేలనే అభిప్రాయం వైద్యుల్లోనూ బలంగా ఉండేదట. నేటి వైద్యం ఒక్క పరీక్షను పట్టుకుని ఆ నిర్ణయానికి రావడాన్ని ఒప్పుకోదు. ఆ మార్పు చాలా పిల్లులకు ప్రాణం పోసిందని నేను గట్టిగా నమ్ముతాను.

మళ్ళీ చేసిన పరీక్షలో సిరికి పి27 కనిపించలేదు. పీసీఆర్‌లో మాత్రం ప్రోవైరస్ స్వల్పంగా ఉన్నట్టు వచ్చింది. కొన్నాళ్ళ తరవాత మరోసారి చేయించినా ఇదే ఫలితం. అంటే రిగ్రెసివ్ దశ. రక్తంలో వైరస్ తిరగడం లేదు కనుక లాలాజలంతో ఇతర పిల్లులకు అంటించే పరిస్థితి లేదు. అయినా వ్యాధి పూర్తిగా పోయినట్టు కాదు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, గర్భం వంటివి అణిగి ఉన్న వైరస్‌ను మళ్ళీ లేపే అవకాశం ఉంది. అందుకే సిరికి సంతాననిరోధక ఆపరేషన్ చేయించాం. స్టెరాయిడ్‌లు తప్పనిసరి అయితేనే వాడాలని, ఇంకో పిల్లికి దీని రక్తం ఎప్పుడూ ఎక్కించకూడదని దాని రికార్డులో రాశారు. రిగ్రెసివ్ పిల్లి రక్తం ఎక్కించినప్పుడు వైరస్ అవతలి పిల్లికి చేరగలదట. ఈ సంగతి పిల్లులు పెంచేవారికి పెద్దగా తెలియదు, తెలియాలి.

నల్లోడి దారి వేరు. ఎఫ్ఐవీ 1986లో కాలిఫోర్నియాలో నీల్స్ పీడర్‌సన్, జానెట్ యమమోటో పరిశోధనలో బయటపడిన వైరస్. ప్రధానంగా లోతైన కాటు గాయాల ద్వారా సోకుతుంది. నల్లోడి పాత గాట్లు దానికి తగ్గట్టే ఉన్నాయి. యాంటీబాడీల పరీక్ష రెండు సందర్భాల్లో తప్పుదోవ పట్టించగలదు: ఆరు నెలల లోపు కూనల్లో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కనిపించవచ్చు, కొన్ని దేశాల్లో ఒకప్పుడు వాడిన ఎఫ్ఐవీ టీకా వేయించుకున్న పిల్లుల్లోనూ కనిపించవచ్చు. నల్లోడు ఈ రెండు కోవల్లోకీ రాడు. వేరే కంపెనీ కిట్‌తో మరోసారి చూసినా ఫలితం మారలేదు.

వాడికి రక్తపరీక్ష కన్నా నోటి పరీక్ష ఎక్కువ చెప్పింది. కొంతకాలంగా గట్టి మేత వదిలేసి మెత్తనిది మాత్రమే తింటున్నాడు. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళు, దవడ వెనక భాగం ఎర్రగా కమిలి ఉన్నాయి. ఎఫ్ఐవీ పిల్లుల్లో ఈ దీర్ఘకాలిక వాపు ఎక్కువగా కనిపిస్తుందట. మత్తు ఇవ్వడానికి ముందు రక్తకణాల లెక్క, మూత్రపిండాల పనితీరు, గ్లోబ్యులిన్ అనే రక్తంలోని ప్రొటీన్ చూశారు. గ్లోబ్యులిన్ ఎక్కువగా ఉంది, అదీ ఈ వ్యాధిలో తరచుగా కనిపించేదే. దంతాల ఎక్స్‌రే తీసి, దవడ పళ్ళన్నీ తీసివేయాలని నిర్ణయించారు. నాకు మనసొప్పలేదు, కానీ నొప్పి మూలం పంటి దగ్గరే ఉన్నప్పుడు మందులతో నెట్టుకురావడం వాడికి బాధే మిగులుస్తుందని డాక్టర్‌గారు ఓపికగా చెప్పారు. ఆపరేషన్ తరవాత నొప్పి మందులు, మెత్తని ఆహారం ఇస్తూ వచ్చాం. వాపు ఒక్కసారిగా తగ్గలేదు, మెల్లగా తగ్గింది. వాడు తనంతట తాను ఒళ్ళు నాక్కోవడం మళ్ళీ మొదలుపెట్టినప్పుడు మేము సరైన పనే చేశామని తెలిసింది.

ఏ మందూ ఈ రెండు వైరస్‌లనూ శరీరం నుంచి తుడిచిపెట్టలేదు. జిడోవుడిన్ అనే మందును కొన్ని పిల్లులకు వాడతారు, నోటి వాపులో అది ఉపకరించవచ్చు కూడా. కానీ అది రక్తహీనత తేగలదు, క్రమంగా రక్తపరీక్షలు తప్పవు. నల్లోడికి దాని అవసరం పడలేదు. మా చికిత్సలో అధిక భాగం రోజువారీ జాగ్రత్తలే: బయటికి వదలకపోవడం, పచ్చిమాంసం పెట్టకపోవడం, గోమారుల మందు వేళకు వేయడం, ఆరు నెలలకొకసారి బరువు, చిగుళ్ళు, లింఫ్ గ్రంథులు, రక్తకణాలు చూపించడం. అన్నిటికన్నా నేను శ్రద్ధగా చేసేది బరువు తూచడం, ఎందుకంటే పిల్లి జబ్బును దాచుకుంటుంది గాని బరువును దాచుకోలేదు.

ఇక రెండింటినీ కలపడం. నల్లోడికి లుకేమియా టీకా రెండు మోతాదులు వేశారు. ఎఫ్ఐవీ ఉన్న పిల్లిలో టీకా అంత బలంగా పనిచేయకపోవచ్చు కాబట్టి దాని మీదే ఆధారపడొద్దని హెచ్చరించారు కూడా. ఎఫ్ఐవీ కాటుతో సోకేది గనుక కొట్లాట రాకుండా చూడటమే ఇక్కడ అసలు వైద్యం. ముందు ఒకదాని పడకగుడ్డ మరొకదానికి వాసన చూపించి, తరవాత తలుపు సందులోంచి, ఆ తరవాత మేము దగ్గరుండగా కలిపాం. ఇప్పుడు ఒకే గదిలో ఉంటాయి, గిన్నెలు మాత్రం ఇప్పటికీ వేరే. ప్రతి తనిఖీలోనూ సిరికి పి27 పరీక్ష చేయిస్తాం. అది ఎప్పుడైనా మళ్ళీ పాజిటివ్ వస్తే అదేరోజు వేరుచేయాలని డాక్టర్‌గారితో ముందే అనుకున్నాం. వేరే ఆస్పత్రికి అత్యవసరంగా వెళ్ళాల్సి వస్తే అక్కడి వైద్యులకు తెలియాలని రెండింటి ఫలితాలనూ, స్టెరాయిడ్‌ల గురించీ, ఎఫ్ఐవీ పిల్లికి తామర మందుగా గ్రిసియోఫుల్విన్ ఇవ్వకూడదన్న విషయాన్నీ ఒక కాగితం మీద రాసి, ప్రయాణపు పెట్టెలకు అతికించి ఉంచాం.