పాప పచ్చగా కక్కింది, ఏ పచ్చ అన్నారు డాక్టరు

మాది గాజువాక. పాప పుట్టిన రాత్రే కక్కడం మొదలెట్టింది, నర్సమ్మని అడిగితే ఉమ్మనీరు మింగేసుంటది లెండి అదే పోతుంది అంది, సరే అనుకున్నాం. తెల్లారి మా అత్తయ్య గుడ్డ తెచ్చి చూపించింది, గోరింటాకు నూరినట్టుంది మరక. తెలిసిన పిల్లల డాక్టరుకి ఫోన్ చేసి పచ్చగా కక్కుతోంది సార్ అన్నాను. "ఏ పచ్చ? పసుపు పచ్చా, ఆకుపచ్చా?" ఆకుపచ్చ సార్ అనగానే, అది పైత్యరసం, పేగు ఎక్కడో అడ్డుపడి ఉండొచ్చు, పాలు ఆపేసి పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి ఇప్పుడే పట్టుకెళ్ళండి అన్నారు.

అక్కడ ఎక్స్‌రేలో పొట్ట పైభాగంలో రెండు నల్లటి గాలి బుడగలు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, వాటి కింద గాలే లేదు. చిన్నపేగు మొదట్లోనే మూసుకుపోయింది, డుయోడినల్ అట్రీసియా అంట. కడుపులో బిడ్డ మింగిన నీరు కిందికి దిగకపోతే ఉమ్మనీరు పెరిగిపోతుందంట, మాకు ఏడో నెల స్కానింగ్‌లో ఎక్కువుంది అన్నారు గానీ ఎందుకో ఎవరూ చెప్పలేదు. తర్వాత సర్జన్ పాప అరచెయ్యి విప్పి అడ్డంగా ఒకటే గీత చూపించారు, ఈయన జాతకం చెప్తున్నారేంటి అనుకున్నా. ఇలా పేగు మూసుకుపోయిన పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి డౌన్ సిండ్రోమ్ ఉంటుందంట, అంటే పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ ఎక్కువుండి ఎదుగుదల నెమ్మదిగా ఉండటం, ఆ గీత దాని గుర్తుల్లో ఒకటంట. రక్తం కారియోటైప్‌కి, అంటే క్రోమోజోములు లెక్కపెట్టే పరీక్షకి పంపారు, 21వ క్రోమోజోమ్ రెండుండాల్సింది మూడున్నాయని రిపోర్టు మేం ఇంటికొచ్చాకే వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ రోజు నా బుర్రలో పేగు తప్ప ఏం లేదు.

వెంటనే కోసేస్తారనుకున్నా, కాదు, ముక్కులోంచి ట్యూబ్ వేసి పొట్ట ఖాళీ చేసి, సెలైన్ పెట్టి, డౌన్ పిల్లల్లో సుమారు సగం మందికి గుండె లోపాలుంటాయని ఎకో తీసి, అప్పుడు మూడో రోజు చేశారు.

ఆపరేషన్ కన్నా ఆ తర్వాతే నరకం. ట్యూబ్‌కి తగిలించిన బ్యాగ్‌లో ఎంతొచ్చింది, ఏ రంగులో వచ్చింది, సిస్టర్ రాసుకునేది, ఆకుపచ్చ తగ్గి తేటగా అయ్యేదాకా చుక్క పాలు లేవు, ఈలోపు చుట్టాలు ఫోన్లు చేసి పాలు తాగుతోందా అని ఒకటే అడగడం. మా ఆవిడ కుట్లతో ఇంట్లో, తను పిండిచ్చిన పాలు ఐస్ పెట్టిన డబ్బాలో స్కూటీ మీద ఎన్ఏడీ జంక్షన్ దాటి తెచ్చేవాణ్ణి. పదో రోజు 5 ఎంఎల్‌తో మొదలెట్టారు. డౌన్ పిల్లలకి పెద్దపేగులో నరాల సమస్య, హిర్ష్‌స్ప్రంగ్ అని, అది కూడా రావచ్చు, మోషన్ చూడాలి అన్నారు, ఇక డైపర్ల మీదే కళ్ళు.

పదమూడో రోజు మా ఆవిడకి ఫోన్ చేసి పచ్చగా వెళ్ళింది అన్నాను.

అటు నుంచి కాసేపు మాట లేదు. "ఏ పచ్చ?" అంది.

పసుపు పచ్చేనే, పసుపు పచ్చే.