తుఫాను కథలో వరండా

డల్లాస్ చుట్టుపక్కల చాలా ఊళ్ళలో నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి టోర్నడో సైరన్లు మోగిస్తారు, పనిచేస్తున్నాయో లేదో చూసుకోడానికి. కొత్తగా వచ్చినవాళ్ళు హడలిపోతారు. ఇక్కడే పుట్టిన మా పిల్లలు తల కూడా ఎత్తరు. నిజంగా మోగిన రోజున ఏం చెయ్యాలో మాత్రం వాళ్ళకి మాకన్నా బాగా తెలుసు, స్కూల్లో నేర్పారు: కింది అంతస్తు, కిటికీలు లేని గది, నెత్తిన సైకిల్ హెల్మెట్, కాళ్ళకి బూట్లు. ఇక్కడి బంకమట్టి తడికి ఉబ్బి ఎండకి కుంగిపోతుంది కాబట్టి ఇళ్ళకి సెల్లార్లు కట్టడం తక్కువ. అందుకని మాకు మెట్ల కింద ఉన్న చిన్న గదే దిక్కు.

2019 అక్టోబర్ 20, ఆదివారం రాత్రి ఉత్తర డల్లాస్ మీదుగా ఈఎఫ్3 (సున్నా నుంచి ఐదు దాకా ఉండే తీవ్రత కొలతలో మూడు) టోర్నడో పోయినప్పుడు మేం ఆ గదిలోనే ఇరుక్కుని కూర్చున్నాం. మాకు దూరంగానే పోయింది. ఇళ్ళు, స్కూళ్ళు దెబ్బతిన్నాయి కానీ ఒక్కరి ప్రాణం కూడా పోలేదు, ఇప్పటికీ నాకు అది వింతగానే ఉంటుంది. అప్పటికి ఎనిమిదేళ్ళ మా అమ్మాయి టార్చిలైటు పట్టుకుని తమ్ముడికి ఏదో కథ చెబుతోంది, నా చేతులు వణుకుతుంటే చూసి, "ఎందుకమ్మా అంత టెన్షన్? వార్నింగ్ వచ్చిందిగా, మనం లోపలే ఉన్నాంగా" అంది. హెచ్చరిక వస్తే చాలు, ఇక ప్రమాదం లేదన్నట్టే దాని ధైర్యం. నేను పెరిగిన చోట హెచ్చరిక అంటే రేడియోలో కాకినాడ రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని చెప్పడం. పది అంటే మహా ప్రమాదం, పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. అది విని ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పేవాళ్ళు కాదు.

మాది కోనసీమ. 1996 నవంబర్ 6 రాత్రి వచ్చిన తుఫానుకి నాకు పదకొండేళ్ళు. వెయ్యి మందికి పైగా చనిపోయారు, వేటకెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు, భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళ పేర్లు వింటే మా వైపు ఇప్పటికీ మాట ఆగిపోతుంది. పిల్లలకి నేను ఆ సంగతి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మా ఆయనది రామగుండం, ఆయన అనుభవమంతా ఎండలే, ఆయన దగ్గర గాలి కథలేం లేవు. (టెక్సాస్ ఆగస్టు ఎండని "ఇదో ఎండా" అని కొట్టిపారేస్తారు, అది వేరే సంగతి.)

ఆ కథ పిల్లలకి చెప్పింది మా అమ్మ, అదీ 2021 ఫిబ్రవరిలో, మంచులో. అమ్మ అంతకు ముందు ఏడాది మమ్మల్ని చూడటానికి వచ్చి, కోవిడ్ మూలంగా వెనక్కి వెళ్ళే ధైర్యం చాలక, వీసా గడువు పొడిగింపుకి పెట్టుకుని మా దగ్గరే ఉండిపోయింది. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున కరెంటు కోతలు మొదలయ్యాయి. వంతులవారీగా తీస్తాం అన్నారు, చాలామందికి ఆ వంతు తిరిగి రానేలేదు. 16న డల్లాస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే సుమారు మైనస్ 19 సెల్సియస్, 1949 తర్వాత అంత చలి అదే. గ్యాసు బావులు, పైపులు గడ్డకట్టాయి, చలికి సిద్ధం చేయని విద్యుత్ ప్లాంట్లు ఆగిపోయాయి. టెక్సాస్ గ్రిడ్ చాలావరకు మిగతా దేశంతో సంబంధం లేకుండా విడిగా ఉండటంతో పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకోడానికీ పెద్దగా దారి లేదు. ఇంకో 4 నిమిషాల 37 సెకన్లు అలాగే సాగి ఉంటే గ్రిడ్ మొత్తం కూలిపోయేదని తర్వాత చెప్పారు. రాష్ట్ర ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. వాళ్ళలో ఇంట్లో వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు ఆన్ చేసో, బొగ్గుల పొయ్యి లోపలికి తెచ్చుకునో కార్బన్ మోనాక్సైడ్‌కి బలైనవాళ్ళూ ఉన్నారు.

పైపులు పగలకుండా కొళాయిలన్నీ సన్నగా వదిలేసి ఉంచమన్నారు. అలా నీళ్ళు పోతుంటే అమ్మ చూడలేకపోయింది. ఒక్కో కొళాయి కింద ఒక్కో గిన్నె పెట్టి, నిండగానే బాత్‌టబ్‌లో పోసి, కుక్కర్లతో సహా ఇంట్లో ఏ పాత్రా ఖాళీగా ఉంచలేదు. పిల్లలు నవ్వారు. తర్వాత కొళాయిల్లో నీళ్ళు రావడం ఆగిపోయాక ఎవరూ నవ్వలేదు.

మా వరస ఇళ్ళకి కరెంటు లేదు. వీధికి అవతలి వరసకి ఉంది. ఆసుపత్రులు, ఫైర్ స్టేషన్లు ఉన్న లైన్లని ఆపరు కాబట్టి, ఆ లైన్లో పడ్డ ఇళ్ళ అదృష్టం అది. "ఎదురింట్లో దీపాలున్నాయి కదే, పిల్లల్ని తీసుకుని వెళ్దాం పద" అంది అమ్మ. మా అమ్మాయికి ఆ మాటే నచ్చలేదు, "అలా చెప్పకుండా ఎవరింటికీ వెళ్ళరు అమ్మమ్మా" అని గట్టిగానే చెప్పింది. అమ్మకి అర్థం కాదు, దీనికి అర్థమయ్యేలా చెప్పడం రాదు, పైగా కోవిడ్ ఒకటి. చివరికి నేనే మెసేజ్ పెట్టాను. ఎదురింటావిడ, డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది, వెంటనే తలుపు తీసి నిలబడి, నిన్ననే ఎందుకు రాలేదని కేకలేసింది.

మాస్కులు పెట్టుకుని ఆవిడ హాల్లో కూర్చున్నాం. మీ ఊళ్ళో ఎప్పుడైనా ఇలాంటిది చూశావా అని ఆవిడ అమ్మని అడిగింది. అమ్మకి ఇంగ్లీషు రాదు. మా అమ్మాయి దుబాసీ అయింది.

అమ్మ బాగా చెబుతుంది, దానికి తిరుగులేదు. సాయంత్రం నుంచీ ఉత్తరం గాలి ఎలా ఊపిందో, కొబ్బరి చెట్ల తలలు ఎలా మెలితిరిగి ఊడిపోయాయో, పెంకులు లేచిపోతుంటే మేమంతా మా పెదనాన్న గారి డాబాలోకి ఎలా పరిగెత్తామో. మా అబ్బాయి ఆ తుఫాను పేరేంటని అడిగాడు. పేరు లేదన్నాను. బంగాళాఖాతం తుఫాన్లకి పేర్లు పెట్టడం మొదలైంది 2004లో, మేం "తొంభై ఆరు తుఫాను" అనే అంటాం. అమ్మ కొనసాగించింది: ఊళ్ళో అదొక్కటే గట్టి డాబా, అందరూ వచ్చేశారు, చుట్టాలు లోపల గదుల్లో, పేట వాళ్ళు వెనక వరండాలో.

మా అమ్మాయి ఆ వాక్యం దగ్గర ఆగింది. "వరండాలో ఎందుకు? లోపల చోటు లేదా?"

"ఉంది. కానీ వాళ్ళు అక్కడే ఉండేవాళ్ళు."

ఎదురింటావిడ, వాళ్ళు పనివాళ్ళా అని అడిగింది. కొందరు అవును, కొందరు కాదు. అమ్మ నా వైపు చూసింది, అంటే ఈ సంగతి దాటించెయ్ అని. నాకూ దాటించాలనే ఉంది, పరాయి మనిషి ముందు మన ఇంటి గుట్టు ఎందుకని. కానీ పిల్ల అప్పటికే స్కూల్లో రూబీ బ్రిడ్జెస్ గురించి చదివింది, 1960లో న్యూ ఓర్లీన్స్‌లో ఒక నల్లజాతి పాప తెల్లవాళ్ళ బడికి మార్షళ్ళ కాపలాతో వెళ్ళిన సంగతి. అదే మాట అడిగేసింది, అలాంటిదేనా ఇది అని. అవును, దళితులు, కులం వల్ల లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు అని నేనే చెప్పాను. అది పూర్తిగా, ఏమీ తగ్గించకుండా ఇంగ్లీషులో చెప్పింది.

"ఇక్కడ తమాషా ఏంటో తెలుసా" అంది అమ్మ, కాస్త కోపంగానే. "అర్ధరాత్రి గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. అయిపోయిందని కుర్రాళ్ళు బయటికెళ్ళబోతే, మీ పెద తాతయ్య ఆపారు, ఇంకా గాలి తిరగాలి అని." తుఫాను కన్ను ఊరి మీదుగా పోతున్నప్పుడు అలా ఉంటుంది, అది దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. వెనక వరండా దక్షిణం వైపు. ఉత్తరం గాలి ఉన్నంతసేపూ ఇల్లు అడ్డం కాబట్టి వాళ్ళకి ఫరవాలేదు. దక్షిణం గాలి మొదలయ్యేసరికి వరండా రేకులు మొదట లేచిపోయాయి. "అప్పుడు అందర్నీ లోపలికి లాగాం. వంటింట్లో, దేవుడి గదిలో కూడా కూర్చోబెట్టాం. ఎవరూ ఏమీ అనలేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది, తెల్లారింది. ఎవరిళ్ళు వాళ్ళు చూసుకోడానికి వెళ్ళారు."

"మళ్ళీ ఎప్పుడైనా లోపలికి వచ్చారా?"

రాలేదు. నాలుగు రోజుల్లో దీపావళి, ఆ ఏడాది మా ఊళ్ళో ఎవరూ చేసుకోలేదు, అదైతే అందరికీ సమానంగానే పోయింది. ఎదురింటావిడ తన చిన్నప్పుడు ఈస్ట్ టెక్సాస్‌లో వాళ్ళ ఊరి సినిమా హాల్లో నల్లవాళ్ళకి బాల్కనీ వేరుగా ఉండేదని చెప్పింది. ఆ పోలికతో మా పెద్దవాళ్ళందరికీ ప్రాణం కాస్త కుదుటపడింది, నిజం చెప్పాలంటే. మా అమ్మాయికి మాత్రం కుదుటపడలేదు. ఇంటికొచ్చాక కూడా, లోపల చోటుందని తెలిసి వాళ్ళు వరండాలో ఎలా కూర్చున్నారు, అమ్మమ్మ ఎలా చూస్తూ ఊరుకుంది అని అడుగుతూనే ఉంది.

ఇక్కడి తెలుగు తల్లిదండ్రులం కలిస్తే పిల్లలకి మన ఊరి కథలు చెప్పాలి, మూలాలు తెలియాలి అని తెగ అనుకుంటాం. నాకూ ఆ పిచ్చి ఉంది. కానీ ఆ కథని నేను ఎన్నిసార్లు విన్నానో, వరండా అన్న మాట నాకు ఒక్కసారి కూడా చెవిన పడలేదు, అది ఇంటి వర్ణనలో భాగం అనుకున్నాను. ఆ అలవాటు లేని పిల్లకి మొదటిసారే తగిలింది. ఊరు గురించి వాళ్ళకి గర్వంగా చెప్పుకోవాలని మొదలుపెట్టినవాళ్ళం, వాళ్ళు అడిగినప్పుడు సగంలో ఆపితే అప్పటినుంచి మనం చెప్పే మిగతాదీ నమ్మరు. అమ్మకి ఇది నచ్చదు, పిల్లల బుర్ర పాడుచేశానని చాలాకాలం దెప్పింది. దెప్పనీ.

మొన్న 2025 అక్టోబర్‌లో మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున అమ్మకి ఫోన్ చేశాం, ఇక్కడ ముందు రోజు రాత్రి. ఇప్పుడు అమ్మది సొంత స్లాబు ఇల్లు, ఒక్కతే ఉంటుంది. పద్నాలుగేళ్ళ మా అమ్మాయి ఫోన్ లాక్కుని మొదట అడిగింది, మీ ఇంటికి ఎవరెవరు వస్తున్నారని.

"ఎవరూ రారే. పేట వాళ్ళని, పాకల్లో వాళ్ళని నిన్ననే హైస్కూల్లో పెట్టారు, భోజనాలూ అక్కడే. నన్నూ రమ్మన్నారు."

"మరి వెళ్ళలేదేం?"

"నాకేం, గట్టి ఇల్లేగా. ఆ స్కూల్లో బాత్‌రూములు బాగోవు."

అమ్మాయి నా వైపు తిరిగి, నిజంగా అందుకేనా అంది. బాత్‌రూములు బాగోవు, అది నాకు తెలుసు, అంతవరకే చెప్పాను. అవతల అమ్మ విసుక్కుంటోంది, "ఇక పెట్టెయ్యండి, కరెంటు తీసేస్తారట, ట్యాంకు నింపుకోవాలి."