సర్వీసు పోయినా పాయింటు పోని రోజులు

మా ఊరి క్లబ్బులో షటిల్ నేర్చుకునే రోజుల్లో నన్ను అన్నిటికన్నా తికమక పెట్టింది స్కోరు. సిమెంటు కోర్టు పక్కన బల్ల మీద కూర్చున్న పెద్దాయన "సర్వీస్ ఓవర్, ఫైవ్ ఆల్" అని పది నిమిషాలుగా అదే మాట చెబుతుండేవారు. ఆడేవాళ్ల బనియన్లు తడిసి ముద్దయ్యేవి గానీ స్కోరు మాత్రం అంగుళం కదిలేది కాదు.

అప్పటి నియమం ప్రకారం సర్వీసు చేసేవారికే పాయింటు. సర్వీసు తర్వాత ఈకల కాక్ అటూ ఇటూ ఎగిరే ర్యాలీని ఎదుటివారు గెలిస్తే వారికి దక్కేది సర్వీసు మాత్రమే. గేము 15 పాయింట్లకు, మహిళల సింగిల్స్‌లో 11 పాయింట్లకు ఉండేది. డబుల్స్‌లో, గేము మొదటి సర్వీసును మినహాయిస్తే, ఒక్కో పక్షంలో ఇద్దరూ వరుసగా సర్వీసు కోల్పోతే తప్ప అది అవతలి పక్షానికి వెళ్లేది కాదు. విచిత్రమేమంటే, టెన్నిస్‌లో సర్వీసు ఆయుధమైతే, నడుము కింద నుంచి పైకి కొట్టవలసిన షటిల్‌లో అది దాదాపు ఆత్మరక్షణే. అయినా పాయింటు సంపాదించే హక్కంతా ఆ బలహీనమైన దెబ్బకే కట్టబెట్టారు.

ఆ పద్ధతికి ఓర్పే ప్రాణం. ప్రత్యర్థి 14 దగ్గర ఉన్నా సరే, సర్వీసు మన చేతిలో ఉన్నంతసేపు గేము ఓడిపోయే ప్రసక్తే లేదు. ఒక ర్యాలీ పోతే పోయేది సర్వీసే. 2001 ఆల్ ఇంగ్లండ్ టోర్నీ సెమీఫైనల్లో పుల్లెల గోపీచంద్ డెన్మార్క్ ఆటగాడు పీటర్ గేడ్‌ను 17-14, 17-15 తేడాతో ఓడించారు. ఆ అంకెల వెనక స్కోరు పుస్తకానికి ఎక్కని ర్యాలీలు ఎన్ని జరిగాయో నేటి కుర్రవాళ్లకు వివరించడం కష్టం.

అయితే మ్యాచ్ ఎంతసేపు సాగుతుందో ముందుగా చెప్పలేకపోవడం టీవీ ప్రసారాలకు తలనొప్పిగా మారింది. మధ్యలో 7 పాయింట్ల చొప్పున ఐదు గేముల పద్ధతిని కూడా ప్రయత్నించి విరమించుకున్నారు. చివరకు 2006లో, ఎవరు సర్వీసు చేసినా ర్యాలీ గెలిచినవారికే పాయింటు, గేముకు 21, సమానమైతే రెండు పాయింట్ల తేడా, గరిష్ఠంగా 30 అన్న నియమం స్థిరపడింది. డబుల్స్‌లో రెండో సర్వీసు పోయింది. నేను ఆ రోజుల్లో బాగా విసుక్కున్నవాడినే. 20-8 దగ్గర వెనకబడినవాడికి ఇక ఊపిరి తీసుకునే చోటేదని వాదించేవాడిని. 2017 గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో పి.వి. సింధు, జపాన్ క్రీడాకారిణి ఒకుహారా చేతిలో 19-21, 22-20, 20-22తో ఓడిపోయిన మ్యాచ్ చూశాక ఆ వాదన కాస్త మెత్తబడింది. ఆట వేగంగా ముగియాలని తెచ్చిన పద్ధతిలోనే, 124 పాయింట్ల కోసం వాళ్లిద్దరూ 110 నిమిషాలు పోరాడారు.

పాయింటు హక్కు పోయినా సర్వీసు మీద నియమాల నిఘా మాత్రం తగ్గలేదు. 1980ల తొలినాళ్లలో మలేసియా సిడెక్ సోదరులు కాక్ ఈకలను ముందుగా తాకించి, అది గాలిలో వంకర్లు తిరిగేలా సర్వీసు చేసేవారు. అందుకే రాకెట్ మొదట కాక్ అడుగుభాగాన్నే తాకాలన్న నియమం వచ్చింది. 2023లో కొందరు వేళ్లతో కాక్‌ను గిర్రున తిప్పి వదిలి సర్వీసు చేయడం మొదలుపెడితే, కొద్ది నెలల్లోనే దానినీ నిషేధించారు.

నడుము సంగతి మరీ తమాషా. పుస్తకంలో నడుమంటే చిట్టచివరి పక్కటెముక అడుగుభాగం ఎత్తులో శరీరం చుట్టూ ఊహించుకునే గీత. చొక్కా కింద దాగిన ఎముకను సర్వీసు జడ్జి కుర్చీలోంచి ఎలా చూడగలడు? 2018 నుంచి అంతర్జాతీయ పోటీల్లో ఈ ఊహకు బదులు కొలత తెచ్చారు: కొట్టే క్షణంలో కాక్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల లోపే ఉండాలి. అంటే మధ్యలో 1.524 మీటర్లుండే నెట్ అంచుకన్నా మూరెడుకు కాస్త తక్కువ కిందన్నమాట. జడ్జి ముందు గీత గీసిన పారదర్శకపు పలకలు నిలబెడతారు. పొట్టివారికి ఊరట, పొడగరులకు మోకాళ్లు వంచే పని.

మా ఉదయపు బృందానికి ఆ పలకలు లేవు గనుక పాత నియమంతోనే నెట్టుకొస్తున్నాం. అరవై దాటిన ఒక మిత్రుడు తన నడుము బెల్టు దగ్గర లేదని, పొట్టకు పైన ఉందని నిన్న కూడా వాదించి, సర్వీసు మళ్లీ చేశాడు.