బుడగలు ఎటు పోతాయి?

హ్యూస్టన్‌కు వచ్చిన చుట్టాలను స్పేస్ సెంటర్‌కు తిప్పడం ఇక్కడి తెలుగువాళ్లకు జీతం లేని రెండో ఉద్యోగం. ఏడేళ్లలో పదకొండుసార్లు వెళ్లాను. అక్కడ తెలియనివి మాత్రం మా అపార్ట్‌మెంట్ ఈతకొలను గట్టు మీద తెలిశాయి. పక్క బ్లాకులో ఒక డైవరు ఉంటాడు. వ్యోమగాములు సాధన చేసే నాసా కొలనులో అతని ఉద్యోగం. 202 అడుగుల పొడవు, 102 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు. అంతరిక్ష నౌక బయట చేసే గంట స్పేస్‌వాక్‌కు అందులో దాదాపు ఆరేడు గంటల సాధన. మా కోడ్ టెస్టింగ్‌కు అందులో సగం ఇచ్చినా శనివారాలు మిగిలేవి.

ఒక శుక్రవారం ల్యాప్‌టాప్ మూసేసి వచ్చి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని అడిగాను: అందులో దిగితే బరువు పోతుందా?

పోదట. సూటు తేలకుండా, మునగకుండా బరువులూ ఫోమ్ ముక్కలూ చేర్చి సరిచేస్తారట. దిగుడుబావిలో తాత నా నడుముకు కట్టిన మునగబెండ్లే అనుకున్నాను. లోపలి మనిషి బరువు మాత్రం ఎక్కడికీ పోదు. తలకిందులైతే ఒళ్లంతా భుజాల మీద పడుతుంది, రక్తం తలలోకి దిగుతుంది.

మరి అంతరిక్షంలో గాలిలోనే ఈదవచ్చు కదా? గాలి నీటికన్నా 800 రెట్లు పలుచన, ఎన్ని బారలు వేసినా దాదాపు ఉన్నచోటే ఉంటాం. పెద్ద నీటి ముద్దలో అయితే ఈత సాగుతుంది, చిక్కంతా ఊపిరితోనే. అక్కడ నీరు కిందికి జారదు, తాకిన చోట అంటుకుంటుంది. 2013 జూలైలో స్పేస్‌వాక్ చేస్తుండగా ఇటలీ వ్యోమగామి లూకా పర్మితానో హెల్మెట్‌లోకి నీరు చేరింది. తల వెనుక నుంచి పాకి చెవులనూ కళ్లనూ ముక్కునూ కప్పింది. కన్ను కనబడక, సూటుకు కట్టిన తాడు లాగే దిక్కును బట్టి లోపలికి వెళ్లే గది ఎయిర్‌లాక్ చేరాడు. లోపలికి వచ్చాక చూస్తే సుమారు లీటరున్నర.

నీళ్లలో దిక్కు తెలియకపోతే బుడగలు ఎటు పోతే అటు రమ్మనేవాడు తాత. అంతరిక్షంలో బుడగలు పైకి పోవు, వదిలిన ఊపిరి మూతి దగ్గరే వేలాడుతుంది. ఆ మాట వినగానే నాకు ఊపిరాడలేదు. అయిదడుగుల నీళ్లలో మునిగి, గాలి వదిలి చూశాను.

తల పైకెత్తేసరికి గట్టు మీద డైవరు నవ్వుతున్నాడు.

"పైకే పోతున్నాయా?"