ముందు పిస్టన్, తర్వాతే బోరు: మా అంబాసిడర్ ఇంజన్ సంగతి

నాన్న 1978లో కొన్న మార్క్ 3 అంబాసిడర్ ఇప్పుడు చెన్నైలో నా దగ్గరే ఉంది. రెండేళ్ల నుంచి పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ, నెల్లూరు వెళ్లి వచ్చేసరికి లీటరు పైన ఆయిల్ హాం ఫట్. కంప్రెషన్ గేజి పెట్టి చూస్తే మూడు సిలిండర్లు వంద పిఎస్ఐకి (ఒత్తిడి కొలత) అటూ ఇటూ ఉన్నాయి, మూడో సిలిండర్ మాత్రం 70 దగ్గర ఆగిపోయింది. ప్లగ్గు రంధ్రంలో రెండు చెంచాల ఆయిల్ పోసి మళ్లీ చూశాను, 105కి ఎక్కింది. అంటే తప్పు వాల్వులది కాదు, రింగులది, బోరుది. బోరు అంటే పిస్టన్ పైకీ కిందకీ ఆడే సిలిండర్ లోపలి గోడ, రింగులు అంటే ఆ గోడకీ పిస్టన్‌కీ మధ్య సందు మూసే కట్లు. ఆయిల్ కాసేపు ఆ సందు మూసింది కాబట్టే రీడింగ్ పెరిగింది.

హెడ్ విప్పాక బోరు పై అంచు కింద గోరు పెట్టి పైకి లాగాను, గోరు టక్కున తట్టుకుంది. పై రింగు వెళ్లి ఆగి వెనక్కి తిరిగే చోటు అది. అక్కడ మంట ఒత్తిడి ఎక్కువ, ఆయిల్ పొర పల్చన, అందుకే బోరులో అన్నిటికంటే ముందు అరిగేది అక్కడే. రింగు తగలని పైభాగం మాత్రం కొత్తలో ఎలా ఉందో అలాగే మిగిలిపోయి మెట్టులా నిలబడుతుంది. గోరుకి తగిలింది ఆ మెట్టే.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి, ఇంకెవరూ చేయకూడదని. దగ్గర్లోని ఒక వర్క్‌షాపులో బ్లాక్ ఇచ్చేసి, పిస్టన్లు తర్వాత కొందాంలే అన్నాను. వాళ్లు కూడా "40 సైజే కదా సార్ దొరికేది" అని నాలుగు బోర్లూ అసలు సైజు కంటే 40 థౌ పెద్దగా కోసేశారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 40 థౌ అంటే మిల్లీమీటరు కంటే పిసరు ఎక్కువ. తీరా పుదుపేటలో నాలుగు కొట్లు తిరిగి 40 అని ముద్ర ఉన్న సెట్టు తెచ్చి కొలిస్తే, ఒకటో బోరులో పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు 5 థౌ, మూడో దానిలో 6. ఉండాల్సింది రెండుకి అటూ ఇటూ! డబ్బా మీద ఉన్నది పేరు మాత్రమే, అసలు సైజు మైక్రోమీటరు చెబుతుంది. అలాగే బిగిస్తే చల్లటి ఇంజన్‌లో పిస్టన్ అటూ ఇటూ కొట్టుకుంటుంది, రింగులు ఊగి మళ్లీ ఆయిల్ తాగుడే. కోసిన ఇనుము వెనక్కి రాదు కదా. రాత్రంతా నిద్ర పట్టలేదు, నాన్న బండిని నా చేతులతో పాడు చేశానని.

వ్యాసర్పాడి దగ్గర ఒక పాత బోరింగ్ షాపు ఉందని తెలిసి అక్కడికి తీసుకెళ్లాను. పెద్దాయనది మా వైపే, గూడూరు పక్క పల్లె, నలభై ఏళ్లుగా ఇదే పని. బోరులో గేజి దించి పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట రెండు దిక్కులా చూసి, "స్లీవ్ కొట్టిద్దాం నాయనా, స్టాండర్డ్‌కి తెచ్చుకుందాం. ఈసారి పిస్టన్లు ముందు నా టేబుల్ మీద పెట్టు, అప్పుడే మిషన్ ఆన్ చేస్తా" అన్నాడు. స్లీవ్ అంటే కొత్త ఇనుప గొట్టం. బోరుని ఇంకాస్త పెద్దది చేసి దాన్ని గట్టిగా ప్రెస్‌తో దించుతారు, ఆ తర్వాత లోపల మళ్లీ అసలు సైజు 73.025 మిల్లీమీటర్లకి కోస్తారు. రెండోసారి కూలి, కానీ బ్లాక్ బతికింది, మళ్లీ ఎన్నేళ్లకైనా ఓవర్‌సైజుకి వెళ్లడానికి చోటు కూడా దొరికింది.

ఇక ఏ పిస్టన్లు అన్నది. ఈ 1489 సీసీ ఇంజన్ బ్రిటన్ వాళ్ల బిఎంసి బి సిరీస్ కాబట్టి, అదే ఇంజన్ ఉన్న ఎంజీఏ స్పోర్ట్స్ కారు పిస్టన్లు విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు, వాటిలో ఫోర్జ్‌డ్ రకం (లోహాన్ని గట్టిగా ఒత్తి చేసినవి) కూడా అమ్ముతారు. చూడ్డానికి నగల్లా ఉంటాయి, నాకూ మనసు లాగింది. పెద్దాయన ఒక్క ప్రశ్న వేశాడు, బండి ఎక్కడ తిరుగుతుంది అని. అన్నానగర్, పెరంబూరు, నెలకోసారి నెల్లూరు. అలాంటి ఫోర్జ్‌డ్ రేసు పిస్టన్లకి వాడే 2618 అనే అల్యూమినియంలో సిలికాన్ దాదాపు ఉండదు, అందుకే దెబ్బకి ఓర్చుకుంటుంది, కానీ వేడికి బాగా ఉబ్బుతుంది. అందుకని చల్లగా ఉన్నప్పుడు సందు ఎక్కువ వదలాలి. రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే బండిలో అది ఉబ్బి సరిపోయేలోపే మనం దిగిపోతాం. మామూలు కాస్ట్ (కరిగించి పోత పోసిన) పిస్టన్‌లో సిలికాన్ 12 శాతం దాకా ఉంటుంది, తక్కువ ఉబ్బుతుంది, రెండు థౌ సందుతో నిశ్శబ్దంగా నడుస్తుంది. పైగా మన ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి 7.2 మాత్రమే, అంత బలమైన పిస్టన్‌కి ఇక్కడ పనే లేదు. పిస్టన్లు చేసే ఇండియా పిస్టన్స్ కంపెనీ 1949 నుంచి ఉన్నది మన చెన్నై సెంబియంలోనే, ఇంటి పక్కనే ఇంత చరిత్ర పెట్టుకుని నేను విదేశీ సైట్లు వెతుకుతున్నాను.

చివరికి కాస్ట్ రకమే, స్కర్ట్ (పిస్టన్ కింది పక్క గోడ) మీద నల్లటి గ్రాఫైట్ పూత ఉన్న సెట్టు తీసుకున్నాను. ఆ పూత కొన్ని మైక్రాన్లే ఉంటుంది, కొత్తలో బోరూ పిస్టనూ ఒకదానికొకటి అలవాటు పడే రోజుల్లో గీతలు పడకుండా కాస్తుంది. దాన్ని గోకకూడదు, ఎమరీ తగలనివ్వకూడదు. కొట్టువాణ్ని తప్పకుండా అడగాల్సింది ఒకటుంది, చెప్పిన సైజు పూతతో కలిపా, పూత లేకుండానా అని.

బోరు కోటింగ్ సంగతి నన్ను ఎక్కువ తిప్పింది. నికాసిల్ వేయిస్తే జన్మలో బోరు అరగదని తెలిసినాయన ఒకరు గట్టిగా చెప్పారు. చదివితే అర్థమైంది ఏంటంటే, జర్మనీ మాలే కంపెనీ 1967లో రోటరీ ఇంజన్ కోసం చేసిన పూత అది, నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ సన్నటి రేణువులు. అల్యూమినియం సిలిండర్‌కి అది ప్రాణం, ఎందుకంటే ఉత్త అల్యూమినియం మీద పిస్టన్ రుద్దుకుంటే పట్టేస్తుంది. మాది పోతఇనుము. దానిలో సహజంగానే గ్రాఫైట్ రేకులు ఉంటాయి, ఆయిల్‌ని పట్టి ఉంచుతుంది, రింగు దానిమీద చక్కగా కూర్చుంటుంది. నికాసిల్ వేశాక సానబట్టాలంటే వజ్రపు రాళ్లు కావాలి, పాడైతే పూత మొత్తం తీసి మళ్లీ వేయాలి. 1990ల్లో కొన్ని బిఎండబ్ల్యూ, జాగ్వార్ ఇంజన్లలో సల్ఫర్ ఎక్కువున్న పెట్రోలుకి ఇదే పూత తినేసుకుపోయిన సంగతి తెలిసిందే. మన పెట్రోల్లో 2020 నుంచి సల్ఫర్ బాగా తగ్గింది కాబట్టి ఆ భయం ఇప్పుడు లేదు, అయినా మంచి ఇనుప బోరుకి దాని అవసరమే లేదు. క్రోమ్ పూత మాటా వచ్చింది. బోరు క్రోమ్ అయితే రింగు క్రోమ్ ఉండకూడదు, రెండూ కొరుక్కుంటాయి. ఇనుప బోరు, క్రోమ్ పై రింగు, ఈ జతే తీసుకున్నాను.

నా దృష్టిలో పోతఇనుముకి అసలు కోటింగ్ హోనింగ్ గీతలే, అంటే సానరాయితో బోరు గోడ మీద పెట్టే గీతలు. పెద్దాయన ఒక్కో పిస్టన్‌నీ పిన్నుకి (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే కడ్డీ) అడ్డంగా, స్కర్ట్ కింది భాగంలో కొలిచి, దానికి తగ్గట్టు ఒక్కో బోరుని ముగించి, పిస్టన్ తల మీద 1, 2, 3, 4 అని రాశాడు. తర్వాత హోన్ రాయి తిప్పుతూ పైకీ కిందకీ ఆడిస్తుంటే గోడ మీద చాప అల్లినట్టు గీతలు పడ్డాయి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే.

ఆ తర్వాత కడగడం. పెట్రోలుతో తుడిస్తే సరిపోతుందనుకున్నాను, కాదట. పెట్రోలు జిడ్డుని తీస్తుంది గానీ రాతిపొడిని గీతల్లోనే వదిలేస్తుంది. వేడినీళ్లు, బట్టల సబ్బు, గట్టి బ్రష్షు. కడిగి నాన్న పాత తెల్ల పంచె ముక్కతో తుడిస్తే బూడిద రంగు. మళ్లీ కడిగాను, మళ్లీ బూడిద రంగే. ఆరోసారికి గుడ్డ తెల్లగా వచ్చింది. వెంటనే ఆయిల్ పూయాలి, మన చెన్నై గాలికి పది నిమిషాల్లో బోరు ఎర్రబడుతుంది, నాలుగోది పూసేలోపు అంచున లేత తుప్పు కనిపించనే కనిపించింది.

పై రింగు రెండు కొసల మధ్య సందు 12 థౌ వచ్చేలా ఆకురాయితో సర్ది, పిస్టన్ మీది ఫ్రంట్ గుర్తు రేడియేటర్ వైపు పెట్టి బిగించాం. సింథటిక్ కాకుండా మినరల్ ఆయిల్ పోశాం. స్టార్ట్ అయ్యాక ఊరికే ఐడిలింగ్‌లో వదలకుండా బండిని రోడ్డెక్కించి, గేరులో ఎక్సిలరేటర్ నొక్కుతూ వదులుతూ నడిపాను, ఆ ఒత్తిడికే రింగులు బోరుకి అంటుకుని కూర్చుంటాయి. 500 కిలోమీటర్లకి ఆయిల్ మార్చాను.

పోయిన వారం నెల్లూరు వెళ్లాను. గూడూరు దాటాక టీ కొట్టు దగ్గర ఆపి, ఇంజన్ కాస్త చల్లారాక డిప్‌స్టిక్ లాగి చూస్తే ఆయిల్ పొద్దున ఉన్నచోటే ఉంది. ఇంటికెళ్లి ప్లగ్గులు విప్పాను. మూడు లేత గోధుమ రంగు, మూడోది మాత్రం ఇంకా కొంచెం నల్లగా ఉంది. కంప్రెషన్ బాగానే ఉంది కాబట్టి అది వాల్వ్ గైడ్ (వాల్వ్ కాడ ఆడే గొట్టం) నుంచి ఆయిల్ దిగడం అయి ఉంటుందని నా అనుమానం, ఈ ఆదివారం రాకర్ కవర్ తీసి చూడాలి.